తాళాలగుత్తి ఎవరి చేతిలో ఉంది? సంఘాల కంప్యూటర్లలో సర్వీస్ అకౌంట్ల సంగతి

2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ నియమాలను ప్రకటించింది. చట్టం 2023 ఆగస్టులోనే వచ్చింది గానీ, నియమాలు లేక రెండేళ్లకు పైగా కాగితం మీదే ఉండిపోయింది. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి నోటిఫికేషన్‌లో ఇచ్చిన గడువు పద్దెనిమిది నెలలు. అంటే 2027 మే నెల మధ్య వరకు. దీని మీద పత్రికల్లో జరిగిన చర్చ అంతా పెద్ద కంపెనీలు, సోషల్ మీడియా, బ్యాంకుల చుట్టూ తిరిగింది. బరంపురంలోనో, హోసూరులోనో, షోలాపూరులోనో, బళ్లారిలోనో రెండు గదుల్లో నడిచే తెలుగు సంఘానికి దీనితో పనేమిటని మనలో చాలామంది అనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం.

పని ఉంది. ఈ చట్టంలో ‘వ్యక్తి’ అన్న మాటకు ఇచ్చిన అర్థంలో మనుషుల సంఘం కూడా ఉంది, అది రిజిస్టరైనదైనా కాకపోయినా. ఒకరి పేరు, ఫోను నంబరు, చిరునామా కంప్యూటరులో పెట్టుకుని, వాటిని ఎందుకు వాడాలో ఎలా వాడాలో నిర్ణయించేవారు ఎవరైనా ఈ చట్టం కిందికి వస్తారు. కాగితం మీద రాసుకున్నవి తర్వాత స్కాన్ చేసి కంప్యూటరులోకి ఎక్కించినా సరే. ఇంట్లో సొంత అవసరానికి బంధువుల నంబర్లు దాచుకునేవారికి మినహాయింపు ఉంది.

ఈ వ్యాసంలో చట్టం మొత్తం చెప్పబోవడం లేదు. మా సంఘానికి తగిలిన ఒక దెబ్బ ద్వారా అర్థమైన ఒక్క విషయం గురించే రాస్తున్నాం. కంప్యూటర్లకు కాపలాగా పెట్టిన సాఫ్ట్‌వేర్‌కు మనం ఎన్ని తాళాలు ఇస్తున్నాం అన్నదే ఆ విషయం.

మన బీరువాల్లో ఏముంది

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మా సంఘం కార్యాలయం పైకప్పు రేకులు లేచిపోయి, సభ్యత్వ రిజిస్టర్లు సగం తడిసి ముద్దయ్యాయి. మిగిలినవాటిని ఎండలో పెట్టి, పేజీ పేజీ విడదీసి, ఆ తర్వాత రెండేళ్లలో స్కాన్ చేయించి కంప్యూటరులో పెట్టుకున్నాం. మళ్లీ నీళ్లలో పోకూడదన్నదే అప్పటి మా ఆలోచన. ఇంకో దారిన పోగలవని తోచలేదు.

ఇప్పుడు ఆ కంప్యూటర్లలో ఏమేం ఉన్నాయో ఒకసారి చూద్దాం. సభ్యుల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్లు. మాతృభాష తెలుగు అని రాయించుకున్న పిల్లల జాబితా, వారి బడి, తరగతి, తండ్రి ఆదాయం. స్కాలర్‌షిప్ దరఖాస్తులతో పాటు వచ్చిన ఆధార్ నకళ్లు, బ్యాంకు పాసు పుస్తకం మొదటి పేజీలు, కుల ధ్రువపత్రాలు. వృద్ధ సభ్యులకు మందుల సాయం చేసినప్పటి ఆసుపత్రి కాగితాలు. వీటన్నిటికంటే మించి, వివాహ పరిచయ రిజిస్టరు. అందులో ఆడపిల్లల ఫొటోలు, పుట్టిన తేదీలు, ఉద్యోగం ఎక్కడో, జీతం ఎంతో, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో అన్నీ ఉన్నాయి.

పరాయి రాష్ట్రంలో మూడు నాలుగు తరాలుగా ఉన్నవాళ్లం. సంబంధం కోసం మనవాళ్లు పత్రికలో ప్రకటన ఇవ్వడానికి ముందు సంఘం గడప తొక్కుతారు. ఎందుకంటే సంఘం మనది, కాగితం మనవాళ్ల చేతిలోనే ఉంటుందని నమ్మకం. ఆ నమ్మకం ఒక్కసారి పోతే రిజిస్టరే మూతపడుతుంది. అందుకే ఇది కంప్యూటరు కుర్రాడికి వదిలేసే విషయం కాదు.

మాకు జరిగింది

కొన్నేళ్ల కిందట మా గ్రంథాలయం కంప్యూటరులోకి ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్ ద్వారా వైరస్ వచ్చింది. కార్యవర్గం కూర్చుని, ఉన్న ఏడు కంప్యూటర్లకూ ఒకే చోట నుంచి చూసుకునే యాంటీవైరస్ కొనాలని తీర్మానించింది. ఆ పద్ధతిలో ఒక కంప్యూటరును సర్వర్‌గా పెడతారు. మిగతావన్నీ దాని నుంచి కొత్త వైరస్ వివరాలు తెచ్చుకుంటాయి. పట్టణంలోని ఒక దుకాణం నుంచి మనిషి వచ్చాడు. మంచివాడే, చురుకైనవాడే. ఇన్‌స్టాల్ చేస్తుండగా తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ సర్వీసును ఏ ఖాతా పేరు మీద నడపాలి అని. ఆయన మా వైపు తిరిగి, “సార్, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ చెప్పండి, అదే కొట్టేద్దాం, ఏ గొడవా ఉండదు” అన్నాడు. చెప్పాం. ఏడు కంప్యూటర్లకూ ఒకే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఉంటే పని సులువన్నాడు. అదీ ఒప్పుకున్నాం. గంటలో పని పూర్తయింది. కాఫీ తాగి, రసీదు ఇచ్చి వెళ్లాడు.

కొంతకాలానికి కార్యవర్గం మారింది. కొత్త కార్యవర్గం పద్ధతి ప్రకారం పాస్‌వర్డ్ మార్చింది. ఆ రోజు ఏమీ కాలేదు. ఎందుకంటే అప్పటికే నడుస్తున్న సర్వీసు పాత పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి కూర్చుంది, మధ్యలో ఎవరూ దాన్ని మళ్లీ అడగరు. తర్వాత ఒక గాలివాన రాత్రి కరెంటు పోయి, మర్నాడు సర్వర్ మళ్లీ లేచినప్పుడు ఆ సర్వీసు పాత పాస్‌వర్డ్‌తో తలుపు తట్టింది. తలుపు తెరుచుకోలేదు. అది గోల చేయకుండా ఆగిపోయింది. రెండు నెలలకు పైగా ఏడు కంప్యూటర్లూ పాత వివరాలతోనే నడిచాయి. కాపలావాడు సెలవులో ఉన్నాడన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

కనిపెట్టింది ఎవరో నిపుణుడు కాదు. లైబ్రరీ చూసే అమ్మాయి “ఇందులో చివరి తేదీ ఎప్పటిదో ఉందండీ” అని చూపించింది.

అది మొదటి దెబ్బ. రెండోది సర్వసభ్య సమావేశంలో తగిలింది. ఈ సంగతి సభ్యులకు చెప్పడం ధర్మమని చెప్పాం. ఒక సభ్యుడు లేచి నిలబడ్డారు. కూతురి వివరాలు వివాహ రిజిస్టరులో ఇచ్చినవారు. “ఆ రెండు నెలల్లో మా అమ్మాయి కాగితం ఎవరు తెరిచి చూశారో చెప్పండి సెక్రటరీ గారూ, నాకది చాలు” అన్నారు.

చెప్పలేకపోయాం. కంప్యూటరు రాసుకునే లాగ్ తీయించి చూశాం. అందులో అన్ని చోట్లా ఒకే పేరు, అడ్మినిస్ట్రేటర్. యాంటీవైరస్ తెరిచినా అదే పేరు, మా టైపిస్టు తెరిచినా అదే పేరు, దుకాణం మనిషి దూరం నుంచి తెరిచినా అదే పేరు. పైగా లాగ్‌కు కేటాయించిన చోటు చిన్నది. నిండగానే పాతవి చెరిపి వాటి మీదే కొత్తవి రాసుకుంటుంది. మేము అడిగిన రోజుల లెక్క చాలా భాగం అప్పటికే పోయింది.

సమాచారం బయటికి పోయిందన్న ఆధారం మాకు ఎక్కడా దొరకలేదు. పోలేదని చెప్పే ఆధారమూ దొరకలేదు. ఆ తండ్రి మౌనంగా కూర్చున్నారు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మౌనమే.

సర్వీస్ అకౌంట్ అంటే

కంప్యూటరులో మనుషులకు ఖాతాలు ఉన్నట్టే, మనిషి కూర్చోకపోయినా తెరవెనుక నడిచే సాఫ్ట్‌వేర్‌కూ ఒక ఖాతా కావాలి. దాన్నే సర్వీస్ అకౌంట్ అంటారు. ఆ ఖాతాకు ఏ అధికారాలు ఉంటే ఆ సాఫ్ట్‌వేర్‌కూ అవే అధికారాలు. ఏ ఫోల్డరు తెరవగలదు, ఏది రాయగలదు, ఏది చెరపగలదు, పక్క కంప్యూటరులోకి వెళ్లగలదా లేదా అన్నవి దాన్ని బట్టే ఉంటాయి.

మాలో కొందరం ట్రెజరీల్లో, కలెక్టరు కార్యాలయాల్లో గుమాస్తాలుగా పనిచేసి రిటైరైనవాళ్లం. ఇది మాకు కొత్త సంగతి కాకూడదు. ట్రెజరీలో స్టాంపు కాగితాల నిల్వ అంతా డబుల్ లాక్ కింద ఉండేది. రెండు తాళాలు, రెండు చేతులు, ఇద్దరూ వస్తేనే తలుపు. రోజువారీ అమ్మకానికి కావలసినంత మాత్రం తీసి సింగిల్ లాక్ కింద స్టాంపు గుమాస్తాకు ఇచ్చేవారు. గుమాస్తా దొంగ అని కాదు. అతనికి జ్వరం రావచ్చు, అతని బీరువా ఎవరైనా పగలగొట్టవచ్చు, అతనే పొరపాటు చేయవచ్చు. ఏది జరిగినా నష్టం ఆ రోజు నిల్వ వరకే ఉండాలి. ఎవరికి ఎంత ఇచ్చారో రిజిస్టరులో రాసి ఉండాలి. గుమాస్తా మారితే లెక్కపెట్టి ఛార్జి అప్పగించాలి.

మేము సంఘం కంప్యూటరులో చేసిందేమిటి? రోజూ గేటు దగ్గర కూర్చునే కాపలావాడి చేతికి స్ట్రాంగ్‌రూము తాళాలతో సహా గుత్తి మొత్తం ఇచ్చాం. రిజిస్టరులో ఎక్కడా రాయలేదు. ముప్పై ఏళ్లు ఉద్యోగంలో చేయని తప్పు, కంప్యూటరు అనగానే చేశాం.

పెద్దవాళ్లకు తగిలిన దెబ్బలు

ఈ పొరపాటు చిన్న సంఘాలదే అనుకోనవసరం లేదు. గత కొన్నేళ్లలో ప్రపంచం చూసిన పెద్ద ఘటనల్లో కొన్నిటికి మూలం ఇదే. చూసుకోవడానికి, కాపాడటానికి పెట్టిన సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన అధికారమే చుట్టుకుంది.

2020 డిసెంబరులో అమెరికాలో సోలార్‌విండ్స్ వ్యవహారం బయటపడింది. ఓరియన్ అన్నది ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్. పెద్ద కార్యాలయాల నెట్‌వర్క్ అంతటినీ ఒక చోట నుంచి గమనించడం దాని పని. గమనించాలంటే అన్ని యంత్రాల్లోకీ వెళ్లాలి కాబట్టి, చాలా చోట్ల దానికి పెద్ద అధికారాలున్న ఖాతాలు ఇచ్చి పెట్టారు. దాడి చేసినవారు ఒక్కో కార్యాలయం తలుపు పగలగొట్టలేదు. ఆ కంపెనీ పంపే అప్‌డేట్‌లోనే తమ కోడ్ దూర్చారు. ఆ అప్‌డేట్ దాదాపు పద్దెనిమిది వేల మంది వినియోగదారులకు చేరి ఉండవచ్చని కంపెనీయే చెప్పింది. అందులో నిజంగా లోపలి దాకా వెళ్లి వెతికింది కొద్దిమందిలోనే అయినా, వారిలో అమెరికా ప్రభుత్వ శాఖలు ఉన్నాయి. ఓరియన్ ఉన్న యంత్రాలను వెంటనే నెట్‌వర్క్ నుంచి విడదీయాలని అక్కడి సైబర్ భద్రతా సంస్థ ప్రభుత్వ శాఖలకు అత్యవసర ఆదేశం ఇవ్వవలసి వచ్చింది.

2024 జులై 19 సంగతి మనకు ఇంకా దగ్గర. అది దాడి కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసి ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. మామూలు సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే అది ఒక్కటే ఆగుతుంది. ఇది విండోస్ గర్భగుడి దాకా ప్రవేశం ఉన్న సాఫ్ట్‌వేర్. అందుకే దాని తప్పుకు యంత్రం మొత్తం కూలింది. అధికారం ఎంత లోతుగా ఇస్తే నష్టమూ అంత లోతుగా ఉంటుంది.

మన దేశంలో 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఆగిపోయాయి. ఓపీ చీటీ దగ్గర నుంచి ల్యాబు రిపోర్టు దాకా అన్నీ చేత్తో రాసి రోజుల తరబడి నడిపారు. అయిదు సర్వర్లు దెబ్బతిన్నాయని, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని దాడి చేసినవారు తాళం వేసేశారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. నెట్‌వర్క్‌ను సరిగా విడదీసి పెట్టకపోవడాన్ని కారణంగా చూపింది. అంటే ఒక గదిలోకి వచ్చినవాడికి పక్క గదుల తలుపులూ తెరిచే ఉన్నాయన్నమాట. 2024 జులై చివర్లో సీ-ఎడ్జ్ అనే సాంకేతిక సంస్థ మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు, దాని సేవల మీద ఆధారపడిన సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు కొంత సమయం ఆగిపోయాయి. తప్పు ఆ బ్యాంకులది కాదు. తాళాలు పెట్టుకున్న చోటిది.

చట్టం ఏమంటుంది

మళ్లీ మన సంగతికి వద్దాం. కొత్త నియమాల్లో భద్రత గురించి చెప్పిన భాగం చదివితే అందులో నాలుగు మాటలు మనకు నేరుగా తగులుతాయి.

ఒకటి, సమాచారం ఉన్న కంప్యూటర్లలోకి ఎవరు వెళ్లవచ్చో అదుపులో పెట్టాలి. రెండు, ఎవరు వెళ్లారో తెలిసేలా లాగ్‌లు ఉంచి, వాటిని గమనిస్తూ ఉండాలి. మూడు, ఆ లాగ్‌లను కనీసం ఏడాది పాటు దాచాలి. నాలుగు, మన తరఫున పనిచేసే బయటివారితో, అంటే మనకు సాఫ్ట్‌వేర్ పెట్టి చూసుకునేవారితో చేసుకునే ఒప్పందంలో ఈ భద్రత గురించి రాసుకోవాలి.

సమాచారం బయటికి పోతే ఆలస్యం చేయకుండా అది ఎవరిదో వారికి చెప్పాలి. రక్షణ బోర్డుకూ చెప్పాలి. తెలిసిన 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. ఏ పేరు చూసినా అడ్మినిస్ట్రేటర్ అని ఉండే లాగ్ పట్టుకుని ఆ వివరాలు ఎవరు ఇవ్వగలరు?

తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు అని చట్టంలో ఉంది. ఈ అంకె చూసి మా కోశాధికారి గారు నవ్వారు, మన బ్యాంకు ఖాతాలో ఉన్నది ఎంతో ఆయనకు తెలుసు కాబట్టి. అది గరిష్ఠ పరిమితి. తప్పు ఎంత తీవ్రమైనదో, ఎంతకాలం సాగిందో, నష్టం తగ్గించడానికి ఏం చేశారో చూసి బోర్డు నిర్ణయించాలని చట్టంలోనే ఉంది. కాబట్టి భయపడనవసరం లేదు. కానీ చిన్నవాళ్లం కదా వదిలేస్తారులే అనుకోవడమూ సరి కాదు. కొన్ని రకాల సంస్థలకు కొన్ని నిబంధనల నుంచి సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ సడలించదగ్గ నిబంధనల జాబితాలో భద్రత నిబంధన లేదు.

ఇంకో రెండు సంగతులు. పద్దెనిమిదేళ్లు నిండనివారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ రుజువు చేయగలిగిన అనుమతి కావాలి. మన తెలుగు పిల్లల జాబితాలన్నీ దీని కిందికే వస్తాయి. రెండోది, బయటివాడికి పని అప్పగించినా బాధ్యత మనదే. దుకాణం మనిషి తప్పు చేశాడని చెప్పి తప్పించుకోలేం.

అనుమతులు ఎలా ఇవ్వాలి

దెబ్బ తిన్న తర్వాత ఈ పని తెలిసినవారిని, మన సభ్యుల పిల్లల్లో ఈ రంగంలో ఉన్నవారిని కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి పెట్టించాం. వారు చెప్పింది, మేము రాసుకున్నది మన భాషలో ఇక్కడ పెడుతున్నాం. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నా మూల సూత్రం ఒకటే. దాని ఇన్‌స్టాలేషన్ పత్రంలో ఏ పనికి ఏ అధికారం కావాలో రాసి ఉంటుంది. ఆ పేజీ చదవకుండా ఎవరినీ కంప్యూటరు ముందు కూర్చోనివ్వకండి.

యాంటీవైరస్ సర్వర్ పెట్టేటప్పుడు నిజానికి నాలుగు వేరు వేరు పనులు ఉంటాయి. వాటిని కలిపి ఒకే ఖాతాకు కట్టడమే మొదటి తప్పు.

మొదటి పని, ఒక్కో కంప్యూటరులో కూర్చుని ఫైళ్లు తనిఖీ చేసే ఏజెంట్. ఇది విండోస్‌లో సాధారణంగా లోకల్ సిస్టమ్ అనే అంతర్గత ఖాతా మీద నడుస్తుంది. ఆ యంత్రం వరకు దానికి దాదాపు సర్వాధికారాలు. ఇది తప్పదు. దాక్కున్న వైరస్‌ను పట్టాలంటే ఎక్కడికైనా వెళ్లగలగాలి. ఆ ఖాతాకు మనం పెట్టే పాస్‌వర్డ్ అంటూ ఉండదు కాబట్టి మర్చిపోవడమూ లేదు, దొంగిలించడమూ లేదు.

రెండో పని, మేనేజ్‌మెంట్ సర్వర్. ఇది అందరికీ అప్‌డేట్లు పంచి, నివేదికలు తీసుకునే గుమాస్తా లాంటిది. దీనికి అడ్మినిస్ట్రేటర్ అధికారం సాధారణంగా అక్కర్లేదు. విండోస్‌లో తక్కువ అధికారాలున్న లోకల్ సర్వీస్, నెట్‌వర్క్ సర్వీస్ అనే ఖాతాలు ముందే ఉన్నాయి. సర్వీసు పేరు మీదే ఏర్పడే వర్చువల్ అకౌంట్లూ ఉన్నాయి. వీటికి పాస్‌వర్డ్ మనం పెట్టనక్కర్లేదు, మార్చనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే ఇదే మేలు. మాకు జరిగినట్టు పాస్‌వర్డ్ మార్చగానే ఆగిపోయే ప్రమాదం ఇందులో లేదు. పెద్ద సంస్థల్లో డొమైన్ ఉంటే, పాస్‌వర్డును దానంతట అదే మార్చుకునే మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్లు కూడా దొరుకుతాయి. కల్యాణ మండపం, బడి, హాస్టలు కలిపి నడిపే మన పెద్ద సంఘాలు వాటి గురించి అడగవచ్చు.

మూడో పని, ఆ సర్వర్ తన లెక్కలు దాచుకునే డేటాబేస్. దానికి వేరే ఖాతా. ఆ ఖాతాకు ఆ ఒక్క డేటాబేస్ మీదే హక్కు. పక్కనే మన సభ్యత్వ డేటాబేస్ ఉంటే దాని జోలికి పోకూడదు.

నాలుగో పని, సర్వర్ నుంచి మిగతా కంప్యూటర్లలోకి ఏజెంట్‌ను పంపి ఇన్‌స్టాల్ చేయడం. దీనికి మాత్రం ఆయా కంప్యూటర్లలో అడ్మినిస్ట్రేటర్ అధికారం కావాలి. కానీ అది ఒక్క రోజు పని. ఆ రోజుకు ఒక ఖాతా తెరిచి, పని కాగానే దాన్ని ఆపేయాలి. పెళ్లి పందిరి వేసేవాడికి ఆ రోజు ఇంటి వెనక గేటు తీస్తాం. పందిరి పని అయ్యాక తాళం వేసుకుంటాం గదా.

విడిగా ఖాతా తెరవవలసి వస్తే ఇంకొన్ని జాగ్రత్తలు. దాని పేరు చూడగానే ఏ సాఫ్ట్‌వేర్‌దో తెలియాలి. మనిషి పేరు పెట్టకూడదు. అది సర్వీసుగా మాత్రమే లోపలికి వెళ్లాలి. విండోస్‌లో లాగ్ ఆన్ యాజ్ ఎ సర్వీస్ అనే హక్కు ఇచ్చి, ఆ ఖాతాతో మనిషి కీబోర్డు ముందు కూర్చుని గానీ, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా గానీ వెళ్లే దారి మూసేయాలి. అప్పుడు ఆ పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిసినా దానితో కూర్చుని రిజిస్టరు తిరగేయలేరు.

ఆ ఖాతాను అడ్మినిస్ట్రేటర్ల గుంపులో చేర్చకూడదు. చేర్చి, ‘ఫోల్డరుకు అనుమతి తీసేశాం కదా’ అనుకుంటే మోసపోతాం. ఆ గుంపులో ఉన్న ఖాతా తీసేసిన అనుమతిని తనకు తానే మళ్లీ ఇచ్చుకోగలదు.

ఏడు కంప్యూటర్లకూ ఒకే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఉండకూడదు. ఒకటి దొరికితే ఏడూ దొరికినట్టే. అలాగే సాఫ్ట్‌వేర్ నెమ్మదిగా నడుస్తోందని కొన్ని ఫోల్డర్లను తనిఖీ నుంచి మినహాయించే అలవాటు ఉంది. అలా మినహాయించినవాటి జాబితా కాగితం మీద ఉండాలి. లేకపోతే దొంగ దాక్కునే గది మనమే చూపించినట్టవుతుంది.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. వివాహ రిజిస్టరు, ఆధార్ నకళ్లు ఆ సర్వర్ యంత్రంలో ఉంచకండి. మేము వాటిని వేరే కంప్యూటరులోకి మార్చి, ఎన్‌క్రిప్ట్ చేసి, తెరవగలిగేవారి పేర్లు మూడుకు తగ్గించాం. ఆ ఫోల్డరు ఎవరు తెరిచినా నమోదయ్యేలా ఆడిటింగ్ పెట్టించాం. లాగ్‌కు చోటు పెంచి, నెలకోసారి విడిగా కాపీ తీసి దాస్తున్నాం. బ్యాకప్ డిస్కు పని అయ్యాక తీసి బీరువాలో పెడుతున్నాం. తగిలించి ఉంచిన బ్యాకప్‌కు కూడా ర్యాన్సమ్‌వేర్ తాళం వేస్తుంది. పెళ్లిళ్లయిపోయినవారి వివరాలు చెరిపేశాం. అవి ఇన్నాళ్లు ఎందుకు ఉంచామో మాకే తెలియలేదు. దాచనిదాన్ని దొంగిలించలేరు.

చిన్న సంఘాలకు ఇంత అవసరమా

ఈ మాట మా కార్యవర్గంలోనే వచ్చింది. డబ్బు లేదు, మనిషి లేడు, వచ్చే కుర్రాడు మనవాడే, అతన్ని అనుమానించినట్టు ఉంటుంది అని.

ఇందులో న్యాయం ఉంది. సాయంకాలం ఆఫీసు నుంచి వచ్చి సంఘం పని చూసేవాళ్ల మీద ఇంకో బరువు వేస్తున్నాం. కానీ పైన రాసిన వాటిలో చాలావాటికి డబ్బు ఖర్చు లేదు. తక్కువ అధికారం ఉన్న ఖాతా విండోస్‌లో ఉన్నదే. లాగ్ చోటు పెంచడం ఒక అంకె మార్చడమే. ఖాతాల రిజిస్టరుకు ఒక నోటు పుస్తకం చాలు. మాకు మళ్లీ పెట్టించడానికి పట్టింది ఒక ఆదివారం.

ఇక కుర్రాడి సంగతి. అతనికి తక్కువ అధికారం ఇవ్వడం అతన్ని అనుమానించడం కాదు, కాపాడటం. రేపు ఏదైనా జరిగితే మొదట వేలు చూపేది అతని వైపే. “నా దగ్గర ఆ తాళమే లేదండీ” అని అతను చెప్పగలగాలి. ట్రెజరీలో రెండో తాళం ఉన్నందుకు ఏ గుమాస్తా కూడా చిన్నబుచ్చుకోలేదు. రాత్రి నిద్ర పట్టింది దాని వల్లనే.

ఇంకో వాదన ఉంది. ఇవన్నీ ఎందుకు, అంతా క్లౌడ్‌లో పెట్టేస్తే పోలేదా అని. పెట్టవచ్చు. అప్పుడు మన ఇంట్లో సర్వర్ ఉండదు. కానీ ఖాతాలు ఉంటాయి, వాటికి అనుమతులు ఉంటాయి, వాటిని ఇచ్చేది మళ్లీ మనమే. షేర్ చేసిన లింకు వాట్సాప్ గ్రూపులో పడితే అది తాళం తీసి వీధిలో పెట్టినట్టే. చోటు మారినంత మాత్రాన ప్రశ్న మారదు.

మేము చేసింది, కోరేది

మా సంఘం మూడు తీర్మానాలు చేసింది. ఖాతాల రిజిస్టరు ఒకటి పెట్టాం. ఏ ఖాతా, దేనికి, ఏ అధికారాలు, ఎవరు ఇచ్చారు, ఎప్పుడు తీసేశారు అన్న అయిదు గళ్లు. కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి సంతకాలు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ రాసిన కవరు లక్కముద్ర వేసి బ్యాంకు లాకరులో ఉంది. కార్యవర్గం మారినప్పుడు డబ్బు, సామాను, రసీదు పుస్తకాలతో పాటు ఈ ఖాతాల ఛార్జి కూడా అప్పగించాలి. పాస్‌వర్డ్ మార్చిన రోజునే అన్ని సర్వీసులనూ ఒకసారి ఆపి మళ్లీ నడిపి చూడాలి. దుకాణంతో అరపేజీ ఒప్పందం రాసుకున్నాం. దూరం నుంచి మా కంప్యూటరులోకి రావాలంటే ముందు ఫోను చేసి చెప్పాలి, తన పేరు మీద ఇచ్చిన ఖాతాతోనే రావాలి అని అందులో ఉంది.

మిగతా ఊళ్ల సంఘాలను మేము కోరేది ఒక్కటే. మీ తర్వాతి కార్యవర్గ సమావేశం ఎజెండాలో ఒక అంశం చేర్చండి. మన కంప్యూటర్లలో కాపలా సాఫ్ట్‌వేర్ ఏ ఖాతా మీద నడుస్తోంది? దానికి ఏ అధికారాలు ఉన్నాయి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు అక్కడికక్కడే ఎవరూ చెప్పలేకపోతే పని మొదలుపెట్టండి. 2027 మే దాకా ఆగనవసరం లేదు. మన ఊళ్లలో తెలిసిన పిల్లలు ఉన్నారు. బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో ఇదే పని చేస్తున్నారు. సంక్రాంతికో దసరాకో ఊరికి వచ్చినప్పుడు ఒక పూట అడగండి. మా అనుభవంలో కాదన్నవారు లేరు. చందా అడిగితే మొహం చాటేసినవారు కూడా దీనికి కూర్చున్నారు.

సభ్యులకూ ఒక మాట. సంఘానికి కాగితం ఇచ్చేటప్పుడు ఇది ఎక్కడ పెడతారు, ఎవరు చూస్తారు, ఎప్పుడు తీసేస్తారు అని అడగండి. అడిగితే మాకు కోపం రాదు. మీ వివరాలు చెప్పి ఎవరైనా డబ్బు గుంజే ఫోను చేస్తే వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేసి, ఆ తర్వాత మాకూ చెప్పండి.

ఆ రోజు సమావేశంలో ప్రశ్న అడిగిన సభ్యుడు మొన్న మళ్లీ వచ్చారు. రెండో అమ్మాయి వివరాలు రిజిస్టరులో చేర్చాలట. ముందు మేము కొత్తగా పెట్టిన లాగ్ తెరిచి చూపించాం. గత నెలలో ఆ ఫోల్డరు ఎన్నిసార్లు తెరిచారు, ఎవరు తెరిచారు, పేరూ వేళా సహా అందులో ఉన్నాయి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో వరుసా చదివారు. చదివాక సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టారు.